ఓడరేవు పైలట్లు: భరుకచ్ఛం నుంచి హుగ్లీ దాకా



వాస్కో డ గామాకు భారతదేశానికి దారి చూపిన నావికుడు ఎవరు? నిరుడు ఒక మాక్ టెస్టులో జీఎస్-1 జవాబు రాస్తూ నేను తడుముకోకుండా "ఇబ్న్ మాజిద్" అని రాశాను. పేపరు దిద్దినవారు ఆ పేరు కింద గీత గీసి, పక్కన "ఆధారం?" అని ఒక్క మాట రాశారు. మార్కు పోయినందుకు బాధ కలగలేదని అనను. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని చదువుతూ పోతే, నా పొరపాటు ఒక పేరుతో ఆగలేదని తెలిసింది. ఒక వృత్తి చరిత్ర మొత్తం నా నోట్సులో లేనే లేదు.

ఆ వృత్తి ఓడరేవు పైలట్‌ది. మనం కంపెనీల చరిత్ర చదువుతాం, ఓడల చరిత్ర చదువుతాం, రేవు పట్టణాల పేర్లు వరుసగా బట్టీ పడతాం. ఆ ఓడ రేవులోకి ఎలా వచ్చింది, ఇసుకలో కూరుకుపోకుండా దాన్ని ఎవరు నడిపారు అని అడగం. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నే అడుగుదాం. చివరికి వచ్చేసరికి ఇది జీఎస్-1లో ఆగదని, జీఎస్-2కీ ఎథిక్స్ పేపరుకూ కూడా పనికొస్తుందని మీరే గమనిస్తారు.

పైలట్ అంటే ఎవరు?

పైలట్ అనగానే మనకు విమానం గుర్తొస్తుంది. కానీ ఈ మాట ముందు సముద్రానిది, విమానం దాన్ని అరువు తెచ్చుకుంది. ఓడ పైలట్ ఓడ సిబ్బందిలో ఒకడు కాడు. అతను ఆ రేవుకు చెందిన మనిషి. ఓడ దూరం నుంచి వచ్చి రేవు బయట ఆగుతుంది. పైలట్ చిన్న పడవలో దాని పక్కకు చేరి, ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన పట్టుకుని పైకెక్కుతాడు. అక్కడి నుంచి ఏ దిక్కుకు తిప్పాలి, ఎంత వేగంతో వెళ్లాలి, ఎక్కడ లంగరు వేయాలి అన్నది అతను చెబుతాడు. ఓడ రేవుకు చేరాక దిగిపోయి మరో ఓడ ఎక్కుతాడు.

కెప్టెన్ ఉండగా ఇతను ఎందుకు? కెప్టెన్‌కు తన ఓడ తెలుసు, పైలట్‌కు తన నీళ్లు తెలుసు. నడి సముద్రంలో అడుగున వేల మీటర్ల లోతు ఉంటుంది కాబట్టి అక్కడ ప్రమాదం తక్కువ. తీరం దగ్గరకు, నదీ ముఖాల్లోకి వచ్చేసరికి ఓడ అడుగుకూ నేలకూ మధ్య ఒకటి రెండు మీటర్లు కూడా మిగలకపోవచ్చు. పోటు ఎప్పుడు వస్తుంది, ఆటు ఎప్పుడు మొదలవుతుంది, నిన్నటి వరదకు ఇసుక ఎక్కడ మేట వేసింది, ఏ మలుపులో ప్రవాహం ఓడను పక్కకు నెడుతుంది అన్నవి పటం మాత్రమే చూసి తెలుసుకునేవి కావు. ఏళ్ల తరబడి అదే నీటి మీద తిరిగితేనే వస్తాయి.

ఈ వ్యాసం మొత్తాన్ని మూడు ప్రశ్నలుగా గుర్తుపెట్టుకోండి. స్థానిక జ్ఞానం ఎవరి దగ్గర ఉంది? దాని ఫలితం ఎవరికి దక్కింది? తప్పు జరిగితే బాధ్యత ఎవరిది?

భరుకచ్ఛం: రాజు కొలువులో జాలర్లు

సాధారణ శకం 1వ శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన "ఎర్ర సముద్ర పెరిప్లస్" మన సిలబస్‌లో పాత మిత్రుడే. రాసినవాడి పేరు తెలియదు. ఈజిప్టు నుంచి వ్యాపారం చేసిన గ్రీకు వర్తకుడని పండితుల అభిప్రాయం. ఈ గ్రంథం నుంచి మనం సాధారణంగా ఎగుమతులు, దిగుమతుల జాబితా రాసుకుని వదిలేస్తాం. అందులో బారిగజా, అంటే నర్మదా ముఖద్వారం దగ్గరి నేటి భరూచ్ గురించి రాసిన భాగం మళ్లీ ఒకసారి చదవండి.

అక్కడి జలసంధి ఇరుకు, ఇసుక తిన్నెలు ఎక్కువ, ఆటుపోట్లు భయంకరం. కొత్తవాళ్లు నదీ ముఖాన్ని కనుక్కోవడమే కష్టం. అందుకే రాజు కొలువులో ఉన్న స్థానిక జాలర్లు పెద్ద పడవల్లో సౌరాష్ట్ర తీరం దాకా ఎదురు వెళ్లి, వచ్చే ఓడలను కలుసుకుని, తిన్నెల మధ్య నుంచి దారి చూపుతూ తీసుకొచ్చేవారని ఆ గ్రంథం చెబుతోంది. ఆ పడవలకు ట్రప్పగ, కోటుంబ అనే పేర్లు కూడా ఇచ్చింది. పోటు ఉన్నంతసేపు ఓడను నడపడం, ఆటు మొదలవగానే నిర్ణీత స్థలాల్లో లంగరు వేసి ఆగడం వారి పద్ధతి.

రెండు విషయాలు గమనించండి. ఒకటి, వీరు "రాజు కొలువులో" ఉన్నారు. అంటే దాదాపు 2000 ఏళ్ల కిందటే పైలట్ పని ఇక్కడ రాజ్యం నిర్వహించే సేవ. ఆ రాజును పశ్చిమ క్షత్రపుడు నహపానుడిగా చాలామంది గుర్తిస్తారు. రోమన్ వాణిజ్యం వల్ల ఆదాయం రావాలంటే ఓడలు క్షేమంగా రావాలి, ఓడలు క్షేమంగా రావాలంటే జాలరి కావాలి. రెండు, ఆ జాలర్లలో ఒక్కరి పేరూ మనకు తెలియదు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలోనూ ఈ జాడ ఉంది. నావాధ్యక్షుడి విధులు చెప్పే అధ్యాయంలో పెద్ద నావల మీద ఉండవలసిన వారిని పేర్కొంటూ శాసకుడిని, నియామకుడిని వేరువేరుగా చెప్పాడు. శాసకుడు ఓడపై అధికారి, నియామకుడు ఓడను నడిపించేవాడు. వీరితోపాటు తాళ్లు పట్టేవారు, నీరు తోడేవారు కూడా ఉన్నారు. అధికారం ఒకరిది, దారి తెలిసినవాడు ఇంకొకడు అన్న విభజన అప్పటికే ఉందన్నమాట.

ఇదే భరుకచ్ఛం నేపథ్యంగా జాతక కథల్లో సుప్పారకుడి కథ వస్తుంది. నావికుల పెద్ద కొడుకైన అతనికి ఉప్పునీటి వల్ల కళ్లు పోతాయి. రాజు దగ్గర వస్తువుల విలువ కట్టే పనికి కుదురుతాడు. తాకి చూసి ఏనుగులో, గుర్రంలో ఉన్న లోపం చెప్పగలిగినా రాజు ప్రతిసారీ ఎనిమిది నాణేలే ఇస్తాడు. అది మంగలికి ఇచ్చే బహుమానమని చిన్నబుచ్చుకుని అతను ఇంటికి వెళ్లిపోతాడు. తరువాత వర్తకులు వచ్చి, చూపు లేకపోయినా నువ్వే మా ఓడ నడపాలి అని బతిమాలి తీసుకెళతారు. ఇది కథే, చరిత్ర కాదు. అయినా ఆ కాలపు సమాజం పైలట్ జ్ఞానాన్ని ఎంత గౌరవించిందో, రాజాస్థానం దానికి ఎంత తక్కువ విలువ కట్టిందో ఈ కథ చెబుతోంది.

మాలిమ్: పేరనుకున్నది హోదా

ఇప్పుడు నా మార్కు పోయిన చోటికి వద్దాం. 1498 ఏప్రిల్‌లో వాస్కో డ గామా తూర్పు ఆఫ్రికాలోని మాలిందికి చేరాడు. అక్కడి పాలకుడు అతనికి ఒక పైలట్‌ను ఇచ్చాడు. ఏప్రిల్ 24న బయలుదేరిన ఓడలు మే 18న మలబారు తీరాన్ని చూశాయి, మే 20న కాలికట్ దగ్గర లంగరు వేశాయి. ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడానికి నెలలు పట్టినవాళ్లు, దారి తెలిసిన మనిషి దొరికాక అరేబియా సముద్రాన్ని నాలుగు వారాల లోపే దాటారు.

ఆ పైలట్ ఎవరు? తరువాతి పోర్చుగీసు చరిత్రకారులు అతన్ని గుజరాతీ అన్నారు, "మాలెమో కానా" వంటి పేర్లతో పిలిచారు. మాలెమో అనేది అరబ్బీ మాట "ముఅల్లిమ్" నుంచి వచ్చింది. గురువు, ఓడ నడిపే పెద్ద అని అర్థం. రెండో మాటను చాలామంది సంస్కృత "గణక"తో కలుపుతారు, లెక్క కట్టేవాడు, జ్యోతిష్కుడు అని అర్థం. అంటే పుస్తకాల్లోకి పేరుగా ఎక్కినది నిజానికి ఉద్యోగపు హోదా. మనిషి పేరు ఎవరూ రాసుకోలేదు.

మరి ఇబ్న్ మాజిద్? అతను అరబ్ నౌకాయాన శాస్త్రంలో మహా పండితుడు, గొప్ప గ్రంథాలు రాశాడు. గామాకు దారి చూపింది అతనేనన్న కథ 16వ శతాబ్దపు ఒక అరబ్బీ చరిత్ర గ్రంథం నుంచి వచ్చింది. 20వ శతాబ్దంలో అది బాగా ప్రచారమైంది. నేటి చరిత్రకారుల్లో చాలామంది దాన్ని అంగీకరించడం లేదు. జవాబులో రాయవలసి వస్తే "మాలిందిలో తీసుకున్న, గుజరాతీగా చెప్పబడే పైలట్" అని రాయండి. ప్రసిద్ధమైన పేరు కన్నా జాగ్రత్తగా రాసిన వాక్యానికే మార్కు.

హుగ్లీ: ఓడను మింగే నది

ఆధునిక కాలంలో పైలట్ పనికి ప్రపంచంలోనే పేరుమోసిన కష్టమైన నది మన హుగ్లీ. గంగ పాయగా వచ్చే ఈ నదిలో ఒండ్రు ఎక్కువ, మలుపులు ఎక్కువ, పోటు బలం ఎక్కువ. కొన్ని రోజుల్లో పోటు గోడలా లేచి నదికి ఎదురు వస్తుంది. ఇసుక తిన్నెలు ఉన్నచోట ఉండవు. సముద్రంలో శాండ్‌హెడ్స్ అనే చోట పైలట్ ఓడ ఎక్కితే, కోల్‌కతా రేవు చేరేసరికి సుమారు 220 కి.మీ. ప్రయాణం అవుతుంది. ప్రపంచంలోని అతి పొడవైన పైలట్ మార్గాల్లో ఇది ఒకటి.

పోర్చుగీసులు 16వ శతాబ్దంలోనే సప్తగ్రామం, తరువాత హుగ్లీ దాకా వచ్చి వ్యాపారం చేశారు. 1632లో షాజహాన్ కాలంలో మొఘల్ సైన్యం వారిని హుగ్లీ నుంచి వెళ్లగొట్టింది. 1651లో ఇంగ్లీషు కంపెనీ హుగ్లీలో ఫ్యాక్టరీ పెట్టింది. కానీ పెద్ద ఓడలను పైకి తేవడానికి కంపెనీ కెప్టెన్లు భయపడేవారు. ఓడలను ఒడిశా తీరంలోని బాలాసోర్ దగ్గర ఆపి, సరుకును చిన్న నావల్లోకి మార్చి పంపేవారు. దానికి ఖర్చు, ఆలస్యం, నష్టం అన్నీ ఎక్కువే.

అందుకే 1660ల చివరలో లండన్‌లోని డైరెక్టర్లు నదిని కొలిచి, పటాలు గీసి, కుర్రవాళ్లకు పైలట్ పని నేర్పమని ఆదేశించారు. బెంగాల్ పైలట్ సర్వీసుకు పునాది అదే. 1679లో ఫాల్కన్ అనే కంపెనీ ఓడ హుగ్లీ నదిలో పైకి వచ్చింది. జాబ్ చార్నాక్ సుతానుటిలో దిగిన 1690వ సంవత్సరం మనందరికీ గుర్తుంటుంది. అంతకు 20 ఏళ్ల ముందే మొదలైన ఈ నది కొలతలు మాత్రం గుర్తుండవు. నది తెలియకపోతే కలకత్తా ఒక మహానగరంగా, 1911 దాకా బ్రిటిష్ ఇండియా రాజధానిగా నిలిచేది కాదు.

నది తెలిసినా ప్రమాదం పోలేదు. దామోదర్, రూప్‌నారాయణ్ నదులు హుగ్లీలో కలిసే ప్రాంతంలో "జేమ్స్ అండ్ మేరీ" అనే ఇసుక తిన్నెలు ఉన్నాయి. ఓడ అడుగు అక్కడి ఇసుకకు తగిలితే చాలు, వెనుక నుంచి వచ్చే ప్రవాహం దాన్ని పక్కకు పడదోస్తుంది. ఆపైన ఇసుక మింగేస్తుంది. బెంగాలీలో "జల్ మారి" అన్న మాట నుంచి ఈ పేరు వచ్చిందని ఒక కథ చెప్పేవారు. అసలు కారణం 1694లో అక్కడ మునిగిన "రాయల్ జేమ్స్ అండ్ మేరీ" అనే ఓడ. ఇక్కడ కూడా వినడానికి బాగున్న కథ ఒకటి, ఆధారం చూపేది మరొకటి. పరీక్షకు ఏది రాయాలో చెప్పక్కర్లేదు.

బెంగాల్ పైలట్ సర్వీసు: తలుపు ఎవరికి తెరిచారు?

ఈ సర్వీసులో చేరిన కుర్రవాడు మొదట "లెడ్స్‌మన్" అవుతాడు. పొడవైన తాడుకు కట్టిన సీసపు గుండును ముందుకు విసిరి, తాడు మీది గుర్తులు చూసి లోతు ఎంతో కేక వేసి చెప్పడం అతని పని. గుండు అడుగున ఉన్న గుంటలో కొవ్వు పూస్తే దానికి అడుగు మట్టి అంటుకుని వస్తుంది. ఇసుకా, బంకమట్టా అన్నదాన్ని బట్టి ఎక్కడ ఉన్నామో పోల్చుకుంటారు. ఏళ్ల తరబడి అలా నేర్చుకున్నాక మేట్ పైలట్, తరువాత మాస్టర్ పైలట్, చివరికి బ్రాంచ్ పైలట్. ఒక్కో మెట్టుకు పరీక్ష ఉంటుంది. అనుభవం పెరిగిన కొద్దీ పెద్ద ఓడలు అప్పగిస్తారు.

పైలట్లు నది ముఖం బయట పైలట్ బ్రిగ్గులనే తెరచాప ఓడల మీద, తరువాతి కాలంలో ఆవిరి ఓడల మీద ఉంటూ, వచ్చే ఓడల కోసం ఎదురుచూసేవారు. జీతంలో, హోదాలో వారిది కలకత్తా ఐరోపా సమాజంలో పెద్ద స్థానం. కిప్లింగ్ కూడా హుగ్లీ పైలట్ల మీద కథ రాశాడు. కానీ ఆ బ్రిగ్గుల్లో తెరచాపలు ఎత్తినవారు, పడవలు తోసినవారు, అలల మధ్య పైలట్‌ను ఓడ దాకా చేర్చినవారు లస్కర్లు, అంటే భారతీయ నావికులు. వారు ఎంత కాలం ఆ నది మీద బతికినా పైలట్ కాలేరు. ఆ పదవి ఐరోపా వారికే ఉంచారు.

భరుకచ్ఛం జాలరితో పోల్చి చూడండి. అక్కడ నీళ్లు తెలిసినవాడే పైలట్. ఇక్కడ నీళ్ల మీద బతికేవాడు తాడు పట్టాలి, నేర్చుకునే అవకాశం సముద్రం అవతలి నుంచి వచ్చిన కుర్రవాడికి. జ్ఞానం పటాల్లోకి, పరీక్షల్లోకి, లైసెన్సుల్లోకి మారడం ఆధునికతే. అందులో సందేహం లేదు, దానివల్ల ప్రాణాలు నిలిచాయి కూడా. కానీ అదే పరీక్ష, అదే లైసెన్సు కొందరిని బయట నిలబెట్టే గోడ కూడా అయింది. వలసపాలనలో "సంస్థల నిర్మాణం" అనే అంశం రాసేటప్పుడు ఈ రెండు ముఖాలూ రాయండి.

ఈ గోడను కూల్చే ప్రయత్నం జాతీయోద్యమంలో భాగమే. 1906లో వి.ఓ. చిదంబరం పిళ్లై స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్థాపించారు. 1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీ ఓడ ఎస్.ఎస్. లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. ఏప్రిల్ 5ను జాతీయ సముద్రయాన దినంగా జరుపుకునేది అందుకే. ఓడలు మనవైతే చాలదు, నడిపే అధికారులు కూడా మనవారు కావాలన్న డిమాండు తరువాతి మెట్టు. భారతీయ వాణిజ్య నౌకాదళంపై 1923లో వేసిన కమిటీ భారతీయ అధికారులకు శిక్షణ నౌక ఉండాలని సిఫారసు చేసింది. ఫలితంగా 1927లో బొంబాయిలో "డఫరిన్" శిక్షణ నౌక మొదలైంది. ఐసీఎస్, సైన్యం లాగే పైలట్ సర్వీసు కూడా భారతీయీకరణ చర్చలోకి వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత పాత సర్వీసు ముగిసి, హుగ్లీ పైలట్ బాధ్యత కలకత్తా పోర్టు నిర్వాహకుల కిందికి చేరింది.

తుఫాను, ఒండ్రు: మన తీరానికి ఉన్న సంబంధం

1864 అక్టోబరు 5న కలకత్తాను పెను తుఫాను కొట్టింది. రేవులోని ఓడలు లంగర్లు తెంచుకుని కుప్పలుగా ఒడ్డెక్కాయి. నెల తిరగకుండా నవంబరు 1న మరో తుఫాను మచిలీపట్నాన్ని ముంచింది. అక్కడ సుమారు 30,000 మంది చనిపోయారని అంచనా. ఈ వరుస దెబ్బల తరువాతే 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల వ్యవస్థ మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. "సైక్లోన్" అనే మాటను వాడుకలోకి తెచ్చిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఓడ ప్రమాదాల విచారణ చూసిన అధికారి. తుఫానులో చిక్కుకున్న ఓడల దినచర్య పుస్తకాలు చదివి ఆయన గాలి సుడి తిరిగే తీరును వివరించాడు. విపత్తు నిర్వహణ చరిత్ర రాసేటప్పుడు ఈ ఉదాహరణ మీకు బాగా పనికొస్తుంది.

ఇంకో సంబంధం సర్ ఆర్థర్ కాటన్. గోదావరి ఆనకట్టతో మనకు తెలిసిన ఆయనే, హుగ్లీని బతికించడానికి గంగ మీద బ్యారేజీ కట్టాలని 19వ శతాబ్దం మధ్యలో సూచించారు. అది నిజమయ్యేసరికి శతాబ్దం దాటింది. 1975లో ఫరక్కా బ్యారేజీ పనిచేయడం మొదలుపెట్టింది. ఒండ్రును కడగడానికి సుమారు 38 కి.మీ. ఫీడర్ కాలువ ద్వారా నీటిని హుగ్లీలోకి మళ్లించాలన్నది దాని లక్ష్యం. ఆ నీటి కోసమే బంగ్లాదేశ్‌తో వివాదం, 1996 డిసెంబరులో 30 ఏళ్లకు కుదిరిన గంగా జలాల ఒప్పందం. ఆ గడువు 2026 డిసెంబరుతో ముగుస్తుంది. పైలట్ తన ఓడ అడుగున కొలిచే అరమీటరు నీరు రెండు దేశాల విదేశాంగ విధానంతో ముడిపడి ఉందన్నమాట. పెద్ద ఓడల కోసం సముద్రానికి దగ్గరగా హల్దియా డాక్ 1977లో వచ్చింది కూడా ఈ లోతు సమస్య వల్లే.

మన విశాఖపట్నం కథ వేరు. అక్కడ 1933 డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించేదాకా ఓడలు బయట సముద్రంలో ఆగితే పడవల మీద సరుకు చేరవేసేవారు. లోపలి రేవుకు దారి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఇరుకు కాలువ గుండా ఉంటుంది. వైజాగ్ బీచ్‌లో నిలబడి ఓ పెద్ద ఓడ కొండ పక్కగా మెల్లగా లోపలికి వెళ్లడం మీరు చూసే ఉంటారు. ఈసారి చూసినప్పుడు అందులో ఒక పైలట్ ఉన్నాడని గుర్తుంచుకోండి.

నేటి ప్రమాణాలు

మన విదేశీ వాణిజ్యంలో పరిమాణం ప్రకారం సుమారు 95 శాతం, విలువ ప్రకారం సుమారు 70 శాతం సముద్రం మీదే నడుస్తోందని ప్రభుత్వ లెక్క. కాబట్టి చట్టం, ప్రమాణాలు తెలుసుకోవాలి.

1) రాజ్యాంగం: సముద్ర నౌకాయానం, వాణిజ్య నావికుల శిక్షణ కేంద్ర జాబితాలో 25వ అంశం. మేజర్ పోర్టులు 27వ అంశం. మిగిలిన పోర్టులు ఉమ్మడి జాబితాలో 31వ అంశం.

2) చట్టం: 1908 ఇండియన్ పోర్ట్స్ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, ఆ సెక్షన్‌ను వర్తింపజేసిన రేవుల్లో 200 టన్నులు, ఆపై కొలత ఉన్న ఓడ పైలట్ లేదా హార్బర్ మాస్టర్ లేదా అధికారిక సహాయకుడు లేకుండా లోపలికి రాకూడదు, వెళ్లకూడదు, కదలకూడదు. ఆ పాత చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త ఇండియన్ పోర్ట్స్ చట్టం చేసింది.

3) అంతర్జాతీయ సముద్ర సంస్థ: 2003లో ఆమోదించిన ఎ.960 తీర్మానం పైలట్ల శిక్షణకు, ధ్రువీకరణకు, పనితీరుకు మార్గదర్శకాలు ఇచ్చింది. స్థానిక జలాల పరిజ్ఞానం, ఆరోగ్య పరీక్ష, తరచూ పునశ్చరణ శిక్షణ, ఓడ ఎక్కగానే కెప్టెన్‌తో సమాచార మార్పిడి అందులో ముఖ్యమైనవి. ఓడ ప్రమాదకరంగా ఉంటే నడపనని చెప్పే హక్కు కూడా పైలట్‌కు ఉండాలని అది చెబుతోంది.

4) సోలాస్ ఒప్పందం: 5వ అధ్యాయం 23వ నిబంధన పైలట్ ఎక్కే నిచ్చెన గురించే. నీటి మట్టం నుంచి ఎక్కే చోటు 9 మీటర్లకు మించితే తాళ్ల నిచ్చెన ఒక్కటే చాలదు, ఓడ మెట్లను దానితో కలిపి అమర్చాలి.

నిచ్చెనకు ఇంత పెద్ద నిబంధనా అని నవ్వుకోకండి. పైలట్ వృత్తిలో ప్రాణం పోయే చోటు ఎక్కువగా అదే. ఒక పక్క పడవ అలలకు లేచి పడుతుంటుంది, ఇంకో పక్క ఓడ ఊగుతుంటుంది. పాత తాడు తెగినా, మెట్టు జారినా కింద పడేది రెండింటి మధ్య సందులోకి. అంతర్జాతీయ నిబంధన కాగితం మీద ఉంటే చాలదు. ఆ ఉదయం తాడు ముడి వేసిన నావికుడు సరిగ్గా వేయాలి. చట్టానికీ అమలుకూ మధ్య దూరం గురించి పాలన పేపరులో రాసేటప్పుడు ఈ నిచ్చెనను ఉదాహరణగా వాడుకోవచ్చు.

బాధ్యత ఎవరిది?

పైలట్ చెబుతున్నాడు కదా అని కెప్టెన్ చేతులు కట్టుకుని కూర్చోవచ్చా? కూర్చోకూడదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం పైలట్ ఓడ మీద ఉన్నా కెప్టెన్ బాధ్యత పోదు. పైలట్ మాట తప్పని అనిపిస్తే అడ్డుపడవలసింది అతనే. ఈ సూత్రానికి ప్రసిద్ధమైన మినహాయింపు పనామా కాలువ. అక్కడ ఓడ కదలికపై నియంత్రణ పైలట్‌కే ఇస్తారు.

2021 మార్చి 23న "ఎవర్ గివెన్" అనే 400 మీటర్ల ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కుపోయింది. ఓడ మీద కాలువ పైలట్లు ఉన్నారు. అయినా సూయజ్ నియమాల ప్రకారం బాధ్యత కెప్టెన్‌దే. సిబ్బంది 25 మందీ భారతీయులు కావడంతో ఈ చర్చ మన దేశంలోనూ జరిగింది.

2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో "డాలీ" ఓడలో కరెంటు పోయి, అది వంతెన వైపు కొట్టుకుపోయింది. దాని సిబ్బందిలోనూ ఎక్కువమంది భారతీయులే. ఓడ మీది పైలట్లు లంగరు వేయించి, వెంటనే ప్రమాద సందేశం పంపారు. ఆ కొద్ది నిమిషాల్లో పోలీసులు వంతెన మీదికి వాహనాలు రాకుండా ఆపగలిగారు. వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. హెచ్చరిక రాకపోయి ఉంటే ఇంకా ఎందరు పోయేవారో. ఓడను ఆపలేని స్థితిలో కూడా చేయదగిన పని ఒకటి మిగిలి ఉంటుందని ఆ పైలట్లు చూపించారు.

ఇప్పుడు మీ గురించి. రేపు మీరు కలెక్టరుగానో ఆర్డీవోగానో ఒక జిల్లాకు వెళతారు. ఆ జిల్లా మీకు కొత్త. అక్కడి వాగు ఏ వానకు పొంగుతుందో వీఆర్వోకు, పాత లస్కరుకు, ఊరి జాలరికి తెలుసు. వారి మాట వినకపోతే మీ ఓడ ఇసుకలో కూరుకుంటుంది. విన్నాక కూడా సంతకం మీదే, జవాబుదారీ మీరే. తప్పు జరిగితే "కింది ఉద్యోగి చెప్పాడు" అనే మాట చెల్లదు. మంచి జరిగితే ఆ కింది ఉద్యోగి పేరు ఫైలులో రాయడం మాత్రం మీ చేతిలో ఉంది. భరుకచ్ఛం రాజు ఎనిమిది నాణేలు ఇచ్చి సరిపెట్టినట్టు మనమూ సరిపెడదామా అన్నది ఎథిక్స్ పేపరులో కేస్ స్టడీ కాకముందే ఆలోచించుకోవలసిన ప్రశ్న.

సాధన ప్రశ్నలు

1) "వలసపాలన స్థానిక జ్ఞానాన్ని సంస్థాగతం చేసింది, అదే సమయంలో స్థానికులను దాని నుంచి దూరం చేసింది." బెంగాల్ పైలట్ సర్వీసు ఉదాహరణతో చర్చించండి. (250 పదాలు)

2) హుగ్లీ నౌకాయానం, ఫరక్కా బ్యారేజీ, గంగా జలాల ఒప్పందం మధ్య సంబంధాన్ని వివరించండి. (150 పదాలు)

3) నిపుణుడి సలహా, అధికారి బాధ్యత: కెప్టెన్-పైలట్ సంబంధం ఆధారంగా పరిశీలించండి. (150 పదాలు)

మొదటి ప్రశ్నకు జవాబు రాసి చూసుకోండి. రాశాక మీరు వాడిన ప్రతి పేరు పక్కన మీరే ఎర్ర సిరాతో "ఆధారం?" అని రాసుకోండి. జవాబు చెప్పగలిగిన పేర్లే ఉంచండి. నాకు ఒక మార్కు ఖర్చయిన పాఠం ఇది, మీకు ఉచితం.